బొట్టు పెట్టిన సీసపు సిపాయిలు

మా దుకాణంలోకి ఏ వస్తువూ మెల్లగా రాదు. విసిరేస్తేనే వస్తుంది. ఫ్రిజ్‌ను బండి మీంచి తోస్తారు, కూలర్‌ను కాలితో తన్ని దింపుతారు, కంప్యూటర్ డబ్బాలను కుప్పగా నేలకేసి కొడతారు. ఆ తర్వాత సుత్తె పని. రాగి ఒక పక్క, ఇనుము ఒక పక్క, ప్లాస్టిక్ ఇంకో పక్క. పగలగొడితేనే మాకు తిండి. హఫీజ్‌పేట స్టేషన్ దాటి పట్టాల వెంబడి పోతే మా పాత సామాన్ల దుకాణం వస్తుంది. పెళ్లయి అక్కడ అడుగు పెట్టిన నాటి నుంచి నా చెవిలో ఉన్నది ఆ చప్పుడే. హైటెక్ సిటీ ఆఫీసుల్లో కుర్చీలు మార్చినా, గచ్చిబౌలిలో ఎవరైనా పాత ఇల్లు కూలగొట్టినా, చివరికి ఆ తుక్కు మా కాంటా మీదికే చేరుతుంది.

నా భర్త చావు కూడా బండి మీదనే వచ్చింది. ఎక్కడి ఫ్యాక్టరీదో, మూత బిగించిన డ్రమ్ము. లోపల ఏముందో వాసన కూడా చూడకుండా గ్యాస్ కట్టర్ పెట్టాడు. నేను పక్కన టీ గ్లాసులు కడుగుతున్నాను. చప్పుడు విన్నట్టు నాకు గుర్తు లేదు. రేకుల కప్పు లేచిపోయి ఆకాశం కనబడడం గుర్తుంది. చేతిలో గ్లాసు అట్లాగే ఉండడం గుర్తుంది. దవాఖానలో ఆయన్ని మూట కట్టి ఇచ్చారు. ముఖం చూస్తానని నేను ఆ మూట మీద పడితే మా బావ, అంటే నా భర్తకు అన్న, నా రెండు భుజాలూ పట్టి వెనక్కి గుంజాడు.

"చూడకు. చూసేతందుకు ఏం మిగల్లే" అన్నాడు.

ఆ మాటకు మాత్రం ఆయన మీద నాకు కోపం లేదు. మిగతా అన్నిటికీ ఉంది.

దినాలు అయిపోగానే బావ మా ఉమ్మడి జాగా మధ్యలో గోడ కట్టించాడు. అవతల ఆయన షెడ్డు. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం కడాయిలో కరగబెట్టి, దిమ్మలు పోసి అమ్ముకుంటాడు. ఇవతల నా దుకాణం, దాని వెనక నేను పడుకునే గది. కొన్నాళ్లకు ఒక బిల్డర్ వచ్చి చూసిపోయాడు. రెండు ముక్కలూ కలిపి ఇస్తేనే తీసుకుంటానన్నాడట. అప్పటి నుంచి తను కట్టించిన గోడే బావకు కంట్లో నలుసు అయింది.

"పిల్లా లేదు జెల్లా లేదు, నీకెందుకే గీ దుకాణం? మీ అన్నదమ్ములకాడికి పోరాదు" అనేవాడు.

"పోను బావా. ఈడనే ఉంట."

"ఒక్క ఆడిదానివి, గీ ఇనుప సామాన్ల ఎన్ని రోజులుంటవ్?"

"నన్ను గూడ మూటగట్టేదాంక ఉంట."

ఉండడమా, పోవడమా. నా బతుకంతా ఆ ఒక్క పంచాయితీ మీదికి వచ్చి ఆగింది.

సిపాయిలు వచ్చింది ఆ రోజుల్లోనే. గచ్చిబౌలి దగ్గర ఒక ముసలాయన పోతే, ఆయన బంగళా కూలగొట్టి అపార్ట్‌మెంటు లేపుతున్నారు. ఆ ఇంటి తుక్కులో ఒక రేకు పెట్టె వచ్చింది. మూత తుప్పు పట్టి రాకపోతే గడ్డపారతో లేపాను. లోపల నిండా మనుషులు. వేలెడంత మనుషులు. ఎర్ర కోట్లు, తెల్ల టోపీలు, తలపాగాలు, గుర్రాలు. కొందరికి తల లేదు. కొందరికి తుపాకీ పట్టిన చెయ్యి ఉంది గానీ తుపాకీ లేదు. ఒకరి మీద ఒకరు పడి, కాళ్లూ కత్తులూ చిక్కుకుని ఉన్నారు. యుద్ధం అయిపోయాక ఎవరో పారతో ఎత్తి పెట్టెలో పోసినట్టు ఉంది.

బావ గోడ మీంచి చూశాడు. చూసి, ఇటు వచ్చి, ఒకడిని తీసి పంటితో కొరికాడు. సీసమో కాదో చూడడానికి ఆయన అట్లాగే కొరుకుతాడు.

"సీసమే. ఇట్ల తే, కడాయిల ఏస్త" అంటూ పెట్టెలో చెయ్యి పెట్టి దోసెడు తీసుకుపోయాడు.

నేను వెంట పోయాను. సీసం కరగడం నాకు కొత్త కాదు. కానీ మనిషి రూపంలో ఉన్న సీసం కరగడం అదే మొదటిసారి చూడడం. ముందు రంగు పొగై లేస్తుంది. తర్వాత కాళ్లు మెత్తబడతాయి. నిలబడ్డవాడు నిలబడ్డచోటే మోకాళ్ల మీదికి కుంగుతాడు. నడుము పోతుంది, భుజాలు పోతాయి. టోపీ చాలాసేపు పైన కనబడుతుంది. అది కూడా పోయాక పైన వెండి తెట్టె కట్టి అద్దంలా మెరుస్తుంది. బావ దాని మీద గరిటె తిప్పాడు.

ఆయన రెండో దోసెడుకు వచ్చేసరికి నేను పెట్టె మీద కూర్చుని ఉన్నాను.

"లెవ్వు."

"నా కాంటా మీద తూగిన మాలు బావా. నేను అమ్మను."

"ఏం జేస్కుంటవే? ఆడుకుంటవా?"

"ఆడుకుంటనో, అరగదీస్కుంటనో. నా ఇష్టం."

ఆయన పెట్టెను తన్నాడు. పెట్టె నాతో సహా పక్కకు ఒరిగింది. మోచెయ్యి చీరుకుపోయింది. అయినా మూత మీంచి నేను లేవలేదు. ఆయన తిట్టుకుంటూ పోయాడు. ఆ పెట్టెను నేను ఎందుకు పట్టుకున్నానో అప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేకపోయేదాన్ని. ఆ సాయంత్రం ఒక్కొక్కడినీ తీసి నేల మీద వరుసగా పడుకోబెట్టాను. ఎవడికి ఎక్కడ దెబ్బ తగిలిందో చూశాను. మెడ దగ్గర, భుజం దగ్గర, మోకాలి కింద. చూడొద్దు అని నన్ను వెనక్కి గుంజడానికి అక్కడ ఎవరూ లేరు. కడుపు నిండా చూశాను.

ఆ తర్వాత అది నాకు అలవాటుగా మారింది. తుక్కులో వచ్చిన అద్దాల టీవీ స్టాండు ఒకటి గదిలో పెట్టుకుని, వాళ్లను అందులో నిలబెట్టాను. నిలబడలేనివాళ్లను గోడకు ఆనించాను. ఆదివారం దుకాణం మూసి, లోకల్ రైలెక్కి భరత్‌నగర్‌లో దిగి, ఎర్రగడ్డ సంతకు పోయేదాన్ని. అక్కడ పాత గడియారాలు, తాళాలు, విరిగిన కెమెరాల మధ్య వెతికితే ఎప్పుడో ఒకడు దొరికేవాడు.

"పిల్లగానికా అమ్మా?" అని అడిగాడు ఒక అమ్మేవాడు.

"నాకే."

"నీకా! ఏం యుద్ధం జేస్తవ్ వీటితోని?"

"నడుస్తనే ఉన్నది యుద్ధం. నువ్వు రేటు జెప్పు."

వాడు నవ్వి తగ్గించి ఇచ్చాడు. మొదట్లో నాకు పాతదేదో కొత్తదేదో తెలియదు. ప్లాస్టిక్‌వి కూడా కొన్నాను. రంగు పూసి పాతవని అంటగట్టినవి కూడా కొన్నాను. చేతిలో బరువు చూసి కొనడం తర్వాత వచ్చింది.

అసలు సంగతి చెప్పింది కోకాపేట సారు. కోకాపేటలో మేఘాల్లోకి లేచిన టవర్లలో ఒకదానికి పాత ఏసీలు తీసుకురావడానికి పోయాను. పైఅంతస్తులో ఆ సారు ఫ్లాటు. కడప వైపు మనిషి, ఆఫీసులో పెద్ద పని. హాల్లో గోడంతా అద్దాల అల్మారా, లోపల దీపాలు. ఆ దీపాల కింద సిపాయిలు. వరుసలు వరుసలు. ఒక్కడికీ చెయ్యి విరగలేదు. నేను ఏసీ సంగతి మరిచిపోయి అద్దానికి ముక్కు ఆనించాను.

"ఏందిమ్మా, అట్ల చూస్తాండావు?" అన్నాడు సారు.

"నాకాడ గూడ ఉన్నరు సార్ గీ ఎర్రకోటోళ్లు. తలకాయలు లేవు గంతే."

ఆయన నవ్వలేదు. కూర్చోమన్నాడు. సోఫాలో కూర్చోవడానికి నాకు మనసొప్పలేదు, కిందనే కూర్చున్నాను. ఆయన కూడా వచ్చి కింద కూర్చున్నాడు. ఒక గుర్రపు సిపాయిని తీసి నా అరచేతిలో పెట్టాడు. పసుపుపచ్చ కోటు, చేతిలో బల్లెం. వందేళ్ల నాడు ఇంగ్లండ్‌లో పోసిన బొమ్మలట. కరిగిన సీసం అచ్చులో పోసి, పైపొర గట్టిపడగానే మిగతాది వెనక్కి ఒంపేసేవారట. అందుకని లోపల బోలుగా ఉంటారట. సీసం ఎంత తొందరగా బిగుస్తుందో చూసినదాన్ని కనక ఆ ఒంపే చెయ్యి ఎంత నేర్పుగలదో నాకు అర్థమైంది.

"ఇది మొదులుపెట్టేవాళ్లు ముందు చేసే పని ఏందో తెల్సునా? కడుగుతారు. నువ్వు కడగొద్దు. చింతపండు, బూడిద, ఏదీ పెట్టొద్దు. రంగు పోతే ఇంగ సీసమే మిగుల్తాది" అన్నాడు. "కొత్త రంగు పుయ్యొద్దు. విరిగితే అతికించొద్దు. తడి తగలనీయొద్దు, తెల్ల బూజు మాదిరి పట్టి లోపల్నుంచి తినేస్తాది. అన్నీ కావాలనుకోవద్దు. ఒక్క ఫౌజు పట్టుకో, దానెనకాలే పో. నీకు ఏ ఫౌజు కావల్ల?"

"దెబ్బ తగిలినోళ్ల ఫౌజు సార్."

ఆయన ఈసారి నవ్వబోయాడు. నా ముఖం చూసి ఆగిపోయాడు.

అట్లా ఆయన దగ్గరికి అప్పుడప్పుడు పోయేదాన్ని. విరిగినవి వస్తే నాకు తీసిపెట్టేవాడు. ఏ యుద్ధంలో ఎవరు ఎవరిని ఎట్లా చంపారో చెప్పేవాడు. బల్లెం ఎక్కడ దింపేవారో, గుర్రం కింద పడ్డవాడి గతి ఏమయ్యేదో చెప్పేవాడు. నేను నోరు తెరుచుకుని వినేదాన్ని.

దసరా వచ్చింది. మా దుకాణంలో దసరా అంటే ఆయుధ పూజే. సుత్తెలు, గడ్డపారలు, కట్టర్, కాంటా అన్నీ కడిగి పసుపు కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కోసి, కాంటా ముందు కోడిని కోసి నాలుగు చుక్కలు చల్లాలి. ఏడాది పొడుగునా అవి మన వేలు తెగ్గొట్టకుండా, మన తల పగలగొట్టకుండా ఉండాలని. అది మగవాళ్ల పని. నా భర్త ఉన్నప్పుడు ఆయన చేసేవాడు. బావను పిలవమని అందరూ అన్నారు. పిలిస్తే ఆయన కాంటా ముందు కూర్చుంటాడు. కూర్చున్నవాడు లేవడు. నేనే చేశాను. కోడి మెడ కూడా నేనే కోశాను. మొదటి వేటుకు తెగలేదు. అది రెక్కలు కొట్టుకుంటూ గదిలోకి పోయి, గోడల మీదా తలుపు మీదా రక్తం చిమ్మి పడిపోయింది.

దాన్ని తీయడానికి గదిలోకి పోతే అద్దాల వెనక నుంచి సిపాయిలు కనబడ్డారు. కత్తికీ సుత్తెకీ పూజ చేసి, కత్తి పట్టినవాడిని వదిలేస్తే ఎట్లా అనిపించింది నాకు. సారు కడగొద్దన్నాడు కనక కడగలేదు. నుదుటి మీద బొట్టు పెడదామంటే నుదురు ఆవగింజంత ఉంది. అందుకని ఒక్కొక్కడి గుండె మీద పసుపు రాసి, మధ్యలో కుంకుమ పెట్టాను. ముందు నిమ్మకాయ కోసి పెట్టాను. నా దృష్టికి అంతకంటే మర్యాద లేదు.

అదే సమయానికి మా తోటికోడలు, బావ భార్య, జమ్మి ఆకు పట్టుకుని వచ్చింది. దసరా నాడు జమ్మి ఆకును బంగారమని చేతిలో పెట్టి, అలాయ్ బలాయ్ అని గుండెలకు హత్తుకుంటాం. ఎంత పగ ఉన్నవాళ్లయినా ఆ ఒక్క రోజు వస్తారు. ఆమె నవ్వుకుంటూనే గది గుమ్మం దాకా వచ్చింది. తలుపు మీది రక్తం చూసింది. అద్దాల స్టాండు చూసింది.

"ఏందే ఇవి?"

"సిపాయిలు అక్కా. పాతయి."

"గుండెల మీద బొట్లెందుకు పెట్టినవ్?"

"ఆయుధ పూజ గదా."

"ముండమోపిదానివి, నీకు పూజేంది?" ఆమె స్టాండు వైపు వేలు చూపించింది. "తలకాయలు ఎవరు తీసేసిండ్రు?"

"తలకాయలు లేకుండనే వచ్చినయ్."

జమ్మి ఆకు ఆమె చేతిలోంచి గుమ్మంలో రాలిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా పోయింది.

బావకు అంతకు ముందు నుంచే ఒంట్లో బాగుండడం లేదు. కడుపులో మెలిపెట్టే నొప్పి. అన్నం చూస్తే వాంతి. దసరా పోయాక మరీ ముదిరింది. ఒక పొద్దున గరిటె ఎత్తబోతే మణికట్టు విరిగిన కొమ్మలా వేలాడిపోయిందట. రెండు చేతులూ అంతే. వేళ్లు లేపలేడు. పెద్ద దవాఖానకు తీసుకుపోకుండా ఎక్కడో ఉన్న భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోయారు. మా తోటికోడలు తను చూసిందంతా ముందు ఆయనకు చెప్పింది. ఆయన కళ్లు మూసుకుని, అదే తిరిగి ఆమెకు చెప్పాడు. లోహంతో బొమ్మలు పోసి, గుండెల మీద కుంకుమ పెట్టి, పక్కింటి నుంచే చేశారు అని.

ఆ మర్నాడు పొద్దున షట్టర్ సగం లేపి ఊడుస్తున్నాను. ముందు కాళ్లు కనబడ్డాయి, చాలా కాళ్లు. వంగి బయటికి చూసేలోపే నా జుట్టు ఎవరి చేతికో చిక్కింది. అట్లాగే షట్టర్ కింద నుంచి రోడ్డు మీదికి ఈడ్చారు. ఇనుప అంచు వీపంతా గీసుకుపోయింది. తోటికోడలు, ఆమె అన్నదమ్ములు, మా బస్తీవాళ్లు. నా దగ్గర టీ తాగినవాళ్లు. రోజూ నేను కూరగాయలు కొనే బండి ఆమె నా జుట్టు పట్టుకుని ఉంది.

"బాణామతి జేస్తవే? మా ఇంటి మొగోన్ని తింటవా?"

"నేనేం జెయ్యలేదు అక్కా! అవి ఆట బొమ్మలు!"

"మొగుణ్ని తిన్నది సాలలేదు దీనికి!"

"నోరు మూయిన్రి దానిది. మంత్రం సదువుతది."

"పండ్లు ఊడగొట్టున్రి. పండ్లు లేకపోతె మంత్రం పలకది."

ఆ మాట అన్నది ఎవరో నేను చూడలేదు. చెప్పడం మాత్రం చాలా మామూలుగా చెప్పారు, బల్బు తీసెయ్యి అన్నట్టు. ఎవరో నా దుకాణంలోకి పోయి పట్టకారు వెతికారు. ఆ కుప్పల్లో నాకే దొరకదు, వాళ్లకేం దొరుకుతుంది? సుత్తె తెచ్చారు. బొట్టు ఇంకా ఉంది దాని మీద. కట్టె పిడి వైపు తిప్పి నా నోటి మీద కొట్టారు. ఒకసారికి పెదవి చిట్లింది. ఇంకోసారికి లోపల ఏదో గాజు గ్లాసు పగిలినట్టు పగిలింది. నాలుక మీద ముక్కలు తగిలాయి. రక్తం గొంతులోకి పోయి ఊపిరి ఆడలేదు. దగ్గితే ఎవరి కాలి మీదో పడింది. ఆ కాలు వచ్చి నా గొంతు మీద నిలబడింది. ఇప్పుడు నా గొంతు ఇట్లా రంపంలా ఉండడానికి కారణం ఆ కాలే.

ఇంకొందరు గదిలోకి పోయారు. అద్దాలు పగిలిన చప్పుడు. సిపాయిలను ఒక చీరలో మూట కట్టి తెచ్చారు. చేతితో ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. మూట విప్పి కిందికి ఒలకబోస్తే తలా ఒక అడుగు వెనక్కి వేశారు. బావ షెడ్డు ముందు కడాయి కింద పొయ్యి అప్పటికే అంటించి ఉంది.

"నీ చేత్తోటి నువ్వే ఎయ్యి. ఏసి, చేసిన బాణామతి తీసేస్తున్న అని చెప్పు. చెప్పి ఈడికెళ్లి పో. ప్రాణంతోటి ఇడిసిపెడ్తం" అన్నాడు తోటికోడలి అన్న.

నాకు అప్పుడు కూడా తెలివి ఉంది. వేస్తే బతుకుతాను. వేస్తే చేసినట్టు ఒప్పుకున్నట్టే. ఇక ఈ హఫీజ్‌పేటలో కాదు, ఎక్కడా నాకు నీడ ఉండదు. దుకాణం ఆ పూటే గోడ అవతలికి పోతుంది. నేను తల అడ్డంగా ఊపాను. మాట రాలేదు. మళ్లీ కొట్టారు. మళ్లీ ఊపాను.

బావను మంచంతో సహా తెచ్చి పక్కన పెట్టారు. పాలిపోయి, తోలు కప్పిన కట్టెల్లా ఉన్నాడు. తనే కడాయిలో పోస్తానన్నాడు. పార మీద ఎత్తి ఆయన చేతికిచ్చారు. మణికట్లు నిలవలేదు. పార జారి సిపాయిలు ఆయన కాళ్ల మీద పడ్డారు. ఆయన చిన్నపిల్లాడిలా అరిచాడు. చివరికి తోటికోడలి అన్నే ఎత్తి కడాయిలో పోశాడు. నేను కింద పడి ఉన్నాను కనక పొగ మాత్రమే కనబడింది.

ఆ సందు చివర ఆఫీసు బస్సు ఆగింది. అద్దాల వెనక ఫోన్లు లేచాయి. తలుపు తెరుచుకోలేదు. బస్సు వెనక ఇరుక్కున్న బైక్ ట్యాక్సీ మనిషి ఒక్కడు దిగాడు. నడివయసువాడు. జనంలోకి రావడానికి ఆయనకూ భయమే అనుకుంటాను. బండి హారన్ మీద బొటనవేలు పెట్టి, తీయకుండా నొక్కుతూ, "పోలీసులకు ఫోన్ జేసిన, వస్తున్నరు! వస్తున్నరు!" అని అరుస్తూనే ఉన్నాడు. వాళ్లు వచ్చేదాకా ఆ హారన్ ఆగలేదు.

నన్నూ, బావనూ ఒకే సర్కారు దవాఖానకు తీసుకుపోయారు. నాకు దవడ కట్టారు. ఆయనకు రక్తం తీశారు. సీసం. ఏళ్ల తరబడి గాలి ఆడని షెడ్డులో ఆ పొగ పీల్చి, ఆ చేతులతోనే అన్నం తిని, పంటితో కొరికి చూసి, ఒంటి నిండా సీసం నింపుకున్నాడు. చిగుళ్ల మీద నల్ల గీత చూసి డాక్టరు రక్తం రిపోర్టు రాకముందే చెప్పాడట. ఈ మాట నాకు కాపలా ఉన్న ఆడ కానిస్టేబుల్ చెప్పింది. నేను నవ్వబోతే దవడ కుట్లు గుంజాయి.

కోకాపేట సారు చూడడానికి వచ్చాడు. మంచం పక్కన నిలబడ్డాడు.

"కడగొద్దని చెప్తిని గానీ, బొట్టు పెట్టొద్దని చెప్పకపోతినే అమ్మా" అన్నాడు.

తన అల్మారాలోంచి ఒక పెట్టె తెచ్చాడు. ఎర్ర పెట్టె, లోపల దారంతో కట్టిన సిపాయిలు, ఒక్కడికీ గీత పడలేదు. నేను చేత్తో వద్దని చూపించాను. వాళ్లు ఇంకా యుద్ధానికి పోలేదు. నాకు వాళ్లతో ఏం పని?

కుట్లు తీశాక దుకాణానికే వచ్చాను. మా అన్నదమ్ములు ఆటో తెచ్చుకుని వచ్చారు, ఎక్కలేదు. కేసు పెట్టి ఉంది. తోటికోడలి అన్న జైల్లో ఉన్నాడు, మిగతావాళ్లు బెయిలు మీద తిరుగుతున్నారు. ఒక మధ్యాహ్నం తోటికోడలు వచ్చింది. లోపలికి రాలేదు, షట్టర్ గీత దగ్గరే నిలబడింది.

"కేసు వాపస్ తీస్కో చెల్లె. మీ బావకు చేతులు లెవ్వవు. అన్నం నేనే కలిపి పెడుతున్న. మా అన్న జైల్ల ఉంటె మమ్మల్ని ఎవరు చూస్తరు?"

"కేసు ముచ్చట తర్వాత. ముందు నన్ను ఏ జాగల గుంజిన్రో గా జాగల నిలబడు. అందరు వినంగ చెప్పు, నేనేం జెయ్యలేదని."

"మంది ముంగట ఎట్ల చెప్త?"

"కొట్టింది మంది ముంగటనే గదా అక్కా."

ఆమె ఏడ్చుకుంటూ పోయింది. రాదనుకున్నాను. మర్నాడు పొద్దున, పనులకు పోయేవాళ్లంతా రోడ్డు మీద ఉన్నప్పుడు వచ్చింది. కొంగు నెత్తి మీద కప్పుకుని, నేల చూస్తూ ఏదో గొణిగింది.

"వినబడలే" అన్నాను నేను.

"మా ఆయనది సీసం రోగం. గీమె ఏం జెయ్యలే."

"ఎనకోళ్లకు వినబడలే."

అప్పుడు తల ఎత్తి, నా ముఖంలోకి చూస్తూ గొంతు చించుకుని అరిచింది. "గీమె బాణామతి జెయ్యలే! జెయ్యలే! జెయ్యలే! సాలునా?" అని మట్టిలో కూలబడింది. ఎవరూ లేపడానికి రాలేదు. నేనూ పోలేదు. ఆమె లేచి పోయేదాకా స్టూలు మీద కూర్చునే ఉన్నాను. కేసు సంగతి చూద్దామని కూడా అనలేదు.

జనం చెదిరాక కూరగాయల బండి ఆమె ఒక్కతే మిగిలింది. కొంగు ముడి విప్పుతూ దగ్గరికి వచ్చింది. ముడిలో ఒక సిపాయి. మోకాలి మీద కూర్చుని, తుపాకీ భుజానికి ఆనించి గురి చూస్తున్నవాడు. ఒక చెవి పక్కన రంగు లేచిపోయింది. గుండె మీద కుంకుమ మాత్రం చెమటకు నల్లబడి అట్లాగే అంటుకుని ఉంది.

"గా రోజు మూట విప్పినప్పుడు నా కాలి కింద పడ్డడు. ఎందుకు తీస్కున్ననో తెల్వది" అంది. "ఇంట్ల పెట్టుకోవాలంటె భయం. పారేయాలంటె ఇంకింత భయం. నిద్ర లేదు నాకు."

చెయ్యి చాచింది. నా జుట్టు పట్టుకున్న చెయ్యి. తీసుకున్నాను.

"మరి నా పేరు కేసుల నుంచి తీసేపిస్తవా?"

"తియ్యను."

ఆమె బండి తోసుకుంటూ పోయింది. నేను కాంటా పక్కన సరుకు దించే దిమ్మను గుడ్డతో తుడిచి, దాని మీద వచ్చేపోయేవాళ్లందరికీ కనబడేలా, తుపాకీ రోడ్డు వైపు పెట్టి వాడిని కూర్చోబెట్టాను.